మార్స్‌కి వెళ్ళే ల్యాండర్ మీద బ్యాక్టీరియా లెక్క ఎలా తీస్తారు: మన స్టీలు పళ్ళెం మీద చేసి చూడండి

మార్స్ మీద దిగే ల్యాండర్‌కి మామూలుగా ఉండే రూలు ఏంటంటే, చదరపు మీటరుకి సగటున 300 స్పోర్లు, మొత్తం మీద 3 లక్షలు, అంతకి మించి మోసుకెళ్ళకూడదు. అక్కడ జీవం ఉందా అని వెతకడానికి వెళ్ళి మన చేతి మీది బ్యాక్టీరియానే పట్టుకుని ఇదిగో దొరికింది అనుకుంటే ఎంత ఘోరం చెప్పండి, అందుకే 1967 అంతరిక్ష ఒప్పందంలోనే వేరే గ్రహాల్ని కలుషితం చెయ్యకూడదని రాసుకున్నారు.

స్పోర్ అంటే కొన్ని బ్యాక్టీరియాలు గింజలా బిగుసుకుపోయి పడుకునే రూపం. స్పిరిట్‌కి చావదు, అన్నం ఉడికినా కొన్ని చావవు, మన ఉక్కపోతలో రాత్రన్నం బయట వదిలేస్తే పాడైపోవడంలో వీటి చెయ్యి కూడా ఉంది.

న్యూట్రియెంట్ అగార్ (బ్యాక్టీరియాకి తిండి ఉండే జెల్లీ) పొడి 5.6 గ్రాములు 200 మిల్లీలీటర్ల నీళ్ళలో కలిపి, 5 మిల్లీలీటర్ల నీళ్ళు పోసి దూది బిరడా పెట్టిన మూడు టెస్ట్‌ట్యూబులు, ఫాయిల్‌లో చుట్టిన చెక్కపుల్ల స్వాబులు (కొసన దూది చుట్టిన పుల్లలు), అన్నీ కుక్కర్‌లో 20 నిమిషాలు ఫుల్ ప్రెజర్‌లో ఉంచండి. ఉత్త మరిగించిన నీళ్ళు వద్దు, నేను మొదటిసారి అలాగే చేస్తే ఏమీ తాకించని ట్యూబు నుంచి కూడా కాలనీలు (ఒక్కో బ్యాక్టీరియా పెరిగి కంటికి కనపడే చుక్కలు) వచ్చి మొత్తం పారేయాల్సొచ్చింది.

పళ్ళేన్ని స్పిరిట్‌తో తుడిచి ఆరాక 5 సెంటీమీటర్ల చదరాలు రెండు గీసుకోండి. తడి స్వాబుని తిప్పుతూ అడ్డంగా, నిలువుగా రుద్ది, ఒక్కో చదరానిది ఒక్కో ట్యూబులో వేసి గట్టిగా రెండు నిమిషాలు ఊపండి. మూడో ట్యూబులో ఏమీ తాకించని స్వాబు. ఇప్పుడు అసలు పని, చదరాల ట్యూబుల్లో ఒకటి, ఈ మూడోది కూడా వేడినీళ్ళ గిన్నెలో పెట్టి లోపలి నీళ్ళు 80 డిగ్రీలకి వచ్చాక అక్కణ్ణించి 15 నిమిషాలు లెక్కపెట్టాలి, పక్కన ఇంకో ట్యూబులో అన్నే నీళ్ళు పోసి అందులో థర్మామీటర్ ఉంచితే తెలుస్తుంది. మామూలు బ్యాక్టీరియా చచ్చిపోతుంది, స్పోర్లు మిగులుతాయి; వేడి చెయ్యని ట్యూబు పోల్చి చూసుకోడానికి. నాసా వాళ్ళు స్పోర్లు లెక్కపెట్టే పద్ధతిలో కూడా ఇదే వేడి, ఇంతే సేపు.

చల్లారాక ఒక్కో ట్యూబు నీళ్ళు మొత్తం మూడు పెట్రి ప్లేట్లలో (ల్యాబుల్లో వాడే మూతున్న చిన్న ప్లేట్లు) సర్ది, చెయ్యి పట్టుకోగలిగేంత వేడున్న అగార్ పైన పోసి మెల్లగా తిప్పండి. గడ్డకట్టాక టేప్ వేసి, తిరగేసి మూడ్రోజులు వదిలెయ్యండి. 32 డిగ్రీలు కావాలి, మే నెలలో వైజాగ్‌లో ఇంక్యుబేటర్ ఎందుకండీ, బీరువా మీద పెడితే చాలు.

చినవాల్తేరులో మా కిటికీ దగ్గర రెండ్రోజులున్న పళ్ళేనికి వేడి చేసిన ప్లేట్లలో మూడు కాలనీలొచ్చాయి, ఒకటైతే తడిసి ఆరిన కాయితంలా అంచులు చిరిగి, మెరుపు లేకుండా పరుచుకుంది. మూడే కదా అనుకోకండి, చదరపు మీటరులో ఇలాంటి చదరాలు 400, అంటే లెక్కన 1200 స్పోర్లు. ఒక్క కాలనీ వచ్చినా 400, అప్పటికే 300 దాటేసింది! స్పిరిట్‌తో తుడిచాక కూడా ఇదీ పరిస్థితి, అందుకే 1975లో బయల్దేరిన వైకింగ్ ల్యాండర్లని సుమారు 112 డిగ్రీల పొడి వేడిలో గంటల తరబడి కాల్చి మరీ పంపారు.

ప్లేట్ల మూత మాత్రం పిల్లల్ని తియ్యనివ్వకండి, టేప్ ఊడదియ్యకుండా పైనుంచే లెక్కపెట్టాలి. అయ్యాక వంటకి వాడని కుక్కర్‌లో అరగంట పెట్టి అప్పుడు చెత్తలో వెయ్యండి, ప్లాస్టిక్ ప్లేట్లు కరిగిపోయినా పర్లేదు, స్టీలు డబ్బాలో పెడితే సరి.