స్వాల్‌బార్డ్‌లో మార్చి ఎండను చూసి బయలుదేరే ముందు జాగ్రత్తలు

నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లోని లాంగ్‌యియర్‌బైయెన్ పట్టణంలో, అడ్డుగా ఉన్న కొండల వల్ల, నెలల చీకటి తరువాత మార్చి 8 ప్రాంతంలో గానీ ఎండ తిరిగి పడదు; అయితే దానిని చూసి దుస్తులు తగ్గించుకోకూడదు, ఎందుకంటే వాలుగా వచ్చే ఆ కాస్త వెలుగులో అధిక భాగాన్ని మంచు వెనక్కి పంపివేయడం వల్ల చలి ఇంకా తగ్గదు.

బయలుదేరే ముందు ఉష్ణోగ్రతతో పాటు గాలి వేగాన్ని కూడా చూసుకోవాలి. లోపల నూలు బనియను వద్దు, అది చెమటను పట్టి ఉంచుతుంది, ఉన్నిదే మేలు. నల్ల కళ్లద్దాలను మరువకూడదు: తాజా మంచు అతినీలలోహిత కిరణాలను 80 శాతం దాకా ప్రతిఫలిస్తుంది కనుక, రక్షణ లేని కళ్లు కొన్ని గంటల తరువాత ఇసుక పడినట్లు మండుతాయి. ఫోనును లోపలి జేబులో ఉంచుకోవాలి. ధ్రువపు ఎలుగుబంట్లను బెదరగొట్టే సాధనం లేకుండా జనావాసం దాటడాన్ని అక్కడి చట్టమే అనుమతించదు. తుపాకీ వాడటం రానివారు, నిజానికి సందర్శకుల్లో చాలామంది అంతే, అనుభవం గల గైడుతోనే వెళ్లాలి.