ఉన్ని బూట్లకు మన జుడిపి గొర్రె పనికిరాదు

కెనడాలో ఉన్న మనవరాలికి ఉన్ని బూట్లు నేనే చేసి పంపుదామని కూర్చున్నా. అల్లేవి కాదు, ఉన్నిని సబ్బునీళ్లతో రుద్ది రుద్ది ముడుచుకుని గట్టిపడేలా చేసేవి. కావలి దాటితే గొర్రెల మందలే కదా, ఉన్నికేం కొదవ అనుకున్నా. తీరా చూస్తే మన నెల్లూరు జుడిపికి ఉండేది ఉన్ని కాదు, పొట్టి వెంట్రుక! ఎంత రుద్దినా ఒకదానికొకటి అతుక్కోదు. మెరినో అనే గొర్రె మెత్తటి ఉన్ని తెప్పించుకోవాల్సిందే. గొంగళ్లు నేసే దక్కనీ ఉన్ని అయితే గరుకు, చిన్నపిల్లల కాళ్లకు గుచ్చుకుంటుంది. మెషిన్‌లో ఉతకొచ్చని రాసున్న ఉన్ని మాత్రం కొనబాకండి, అది ముడుచుకోకుండా ముందే మందు పెట్టేసి ఉంటారు.

అనుమానముంటే చిటికెడు ఉన్ని అరచేతిలో పెట్టుకుని, వేడినీళ్లు, సబ్బు నురుగు వేసి గుండ్రంగా రుద్దండి. కాసేపటికి గోళీలాగా గట్టిపడితే మంచి సరుకు.

ఇంకోటి, ఉన్ని చుట్టే అచ్చు కొలత. మొదటి జత పాదానికి సరిగ్గా కొలిచి చేశా, రుద్దేసరికి ముడుచుకుపోయి బొమ్మకు కూడా బిగుతే అయింది. పాదం 20 సెంటీమీటర్లుంటే ప్లాస్టిక్ అచ్చు 28 దాకా కత్తిరించుకోండి. మొదట్లో మెల్లగా, చేత్తో నిమిరినట్టే రుద్దాలి. ఉన్ని కాస్త పట్టుకున్నాక తువ్వాల్లో చుట్టి చపాతీ కర్రలాగా దొర్లించండి. ఎటు దొర్లిస్తే అటే ముడుచుకుంటుంది, కాబట్టి నిలువుగా కొంతసేపు, అడ్డంగా కొంతసేపు.