పాత షోకి మళ్లీ పిలుపొచ్చిందా? అయితే ఆ పాత వీడియో కాసేపు ఆపండి

ఛానెల్ కోఆర్డినేటర్ ఫోన్ చేసి "పాత కంటెస్టెంట్లతో స్పెషల్ సీజన్ చేస్తున్నాం, మీరూ రావాలి" అనగానే ఇంటిల్లిపాదీ టీవీ ముందు చేరి అప్పటి వీడియో పెట్టుకుంటారు. చూడండి, తప్పులేదు, కానీ ఒక్కసారి చూసి ఆపేయండి. పదోసారి చూసేసరికి ఈ ఐటమ్‌నే కాస్త మార్చి చేస్తే చాలు కదా అనిపిస్తుంది. మేం బోల్తా పడింది సరిగ్గా అక్కడే.

మా డాన్సు క్లాసు పిల్లల్ని ఒక ఛానెల్ వాళ్లు మూడేళ్ల తర్వాత మళ్లీ పిలిచారు. అప్పట్లో అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టిన మనుషుల పిరమిడ్‌కే ఇంకో వరుస పెంచి ఎక్కించాను. గ్రూపులో అందరికంటే చిన్నది "మాస్టర్, మళ్లీ అదేనా?" అని అడిగింది కూడా, నేనే పట్టించుకోలేదు. పిరమిడ్ చక్కగా నిలబడింది, ఒక్క కాలూ వణకలేదు. జడ్జీలు నవ్వి "అబ్బో, ఎంత పెద్దవాళ్లయిపోయారో!" అన్నారు. అంతే. పెళ్లిలో ఎదురుపడిన చుట్టాలు అనే మాట అది.

మొదటిసారి మనల్ని గట్టెక్కించేది సగం ఆశ్చర్యమే, రెండోసారి ఆ సరుకు మన దగ్గర ఉండదు. బ్రిటన్ టీవీ టాలెంట్ షో బ్రిటన్స్ గాట్ టాలెంట్‌లో 2009లో, అప్పటిదాకా ఎవరికీ తెలియని స్కాట్లండ్ గాయని సూసన్ బాయిల్ పాడినప్పుడు హాలంతా నోరెళ్లబెట్టింది, అప్పుడు ఆమెకి రెండో స్థానం వచ్చింది. పదేళ్లకి, 2019 జనవరిలో మొదలైన, పాత కంటెస్టెంట్లనే మళ్లీ పిలిచే అమెరికాస్ గాట్ టాలెంట్: ద ఛాంపియన్స్‌కి వచ్చి, నేరుగా ఫైనల్‌కి పంపే గోల్డెన్ బజర్ కొట్టించుకుంది, కానీ చివరి ఐదుగురిలో లేదు. గొంతు అదే, పేరు అంతకంటే పెద్దది, కాకపోతే ఆమె ఎలా పాడుతుందో ఈసారి అందరికీ ముందే తెలుసు.

మరి ఏం చేయాలి? అప్పట్లో మీ ఐటమ్ చూసిన ముగ్గుర్ని, ఇంట్లోవాళ్లు కానివాళ్లని పట్టుకుని, వీడియో చూపించకుండా "మేం చేసినదాంట్లో మీకేం గుర్తుంది?" అని అడగండి. ముగ్గురూ ఒకటే చెబితే అదే మీ గుర్తింపు. దాన్ని మొదటి పది సెకన్లలో చూపించేసి, వాళ్లు "ఆ, వీళ్లే!" అనుకునేలోపు కొత్తదాంట్లోకి దూకండి. ఎవరికీ గుర్తులేనివి, మీకు ఎంత ముద్దొచ్చినా సరే, తీసి పారేయండి. స్టాండప్ వాళ్ల సంగతి ఇంకా కష్టం, పాత జోకు ఒక్కటి కూడా పనికిరాదు.

ఇంకో మాట, గతంలో ఓడిపోయి ఉంటే సంతోషించండి. ముంబైకి చెందిన వి. అన్‌బీటబుల్ డాన్సు గ్రూపు 2019లో అమెరికాస్ గాట్ టాలెంట్‌లో నాలుగో స్థానంతో వెనక్కొచ్చి, మరుసటి ఏడాదే ఛాంపియన్స్ రెండో సీజన్ గెలిచింది. ట్విస్ట్ అండ్ పల్స్ అనే డాన్సు జంట 2010లో బ్రిటన్ షోలో రన్నరప్, 2019లో అక్కడి ఛాంపియన్స్ విజేతలు. గాల్లో వేలాడుతూ విన్యాసాలు చేసే ఐడన్ బ్రయంట్ 2021లో అమెరికా షోలో రెండో స్థానంలో ఆగిపోయి, 2023లో అక్కడే పాతవాళ్లతో పెట్టిన ఆల్ స్టార్స్ గెలిచాడు. అప్పటికే కప్పు ఉన్నవాళ్లు గెలవరని కాదు, పేకముక్కల మాంత్రికుడు షిన్ లిమ్ 2018లో అమెరికాలో అసలు షో గెలిచి వెంటనే ఛాంపియన్స్ కూడా గెలిచాడు. అలాంటివాళ్లు ఎందరుంటారు చెప్పండి.

ఏవీ, అంటే ఐటమ్‌కి ముందు వేసే పరిచయ వీడియో, షూట్‌కి వచ్చినవాళ్లు పాత కన్నీళ్లే మళ్లీ అడుగుతారు. అద్దె ఇల్లు, నాన్న ఆటో, అమ్మ కుట్టు మిషను... అవన్నీ నిజమే, కానీ జనం ఒకసారి ఏడ్చేశారు. ఆ తర్వాత ఈ మూడేళ్లలో ఏం చేశారో చెప్పండి, ఫీజులు కట్టలేక ఇద్దరు మానేసి మళ్లీ వచ్చారా, అది చెప్పండి.

ఓట్ల విషయం మొదటిరోజే అడగండి. అమెరికా ఛాంపియన్స్‌లో జనం ఓట్లు లేవు, 50 రాష్ట్రాల నుంచి ఎంపిక చేసిన సూపర్‌ఫ్యాన్స్‌ ఓటు వేశారు. మీ షో కూడా ముందే రికార్డయ్యే రకమైతే వాట్సాప్ గ్రూపుల్లో "మన ఊరి బిడ్డకి ఓటేయండి" అని తిరగడం దండగ. ఫలితం తెలిశాక ప్రసారం అయ్యేదాకా నోరు కుట్టేసుకోవాలి, ఆ షరతు అగ్రిమెంటులో ఉంటుంది, ముఖ్యంగా మేనమామలకి చెప్పకండి. ప్రయాణం, బస, కాస్ట్యూమ్ ఖర్చు ఎవరిదో కూడా రాతపూర్వకంగా తీసుకోండి.

అన్నిటికంటే నాకు టెన్షన్ పెట్టేది ఒళ్లు. అప్పుడు పైకి ఎగరేసిన పాప ఇప్పుడు నాలుగు అంగుళాలు పెరిగి ఉంటుంది, బరువు మారింది, పట్టుకునేవాళ్ల భుజాలు మాత్రం పాత లెక్కలోనే ఉంటాయి. వి. అన్‌బీటబుల్ పేరులో వి అంటే వికాస్, రిహార్సల్లో దెబ్బ తగిలి ఆ తర్వాత చనిపోయిన వాళ్ల తోటి డాన్సరు. కాబట్టి మనిషిని పైకి ఎగరేసే ప్రతి టాసూ మొదట్నుంచీ మ్యాట్ల మీద, ఇద్దరు అదనపు క్యాచర్లతో ప్రాక్టీసు చేయించండి, పాతదే కదా అని ఒక్కటీ వదలకండి. స్టేజీ మీద ఎల్ఈడీ ఫ్లోర్ ఉంటే జారుతుంది, రిహార్సల్ టైంలోనే బూట్లతో నడిచి చూడాలి. మేం కూల్‌డ్రింకులో తడిపిన గుడ్డతో బూట్ల అడుగులు తుడిచాం. జిగురుగా పట్టుకుంటుంది, చీమలు కూడా పడతాయి.

ఇక రికార్డింగ్ రోజు. మధ్యాహ్నం రెండింటికి రమ్మంటారు, మీ టర్న్ అర్ధరాత్రి దాటాక రావచ్చు. క్యాంటీన్‌ని నమ్ముకోకుండా పులిహోర పొట్లాలు కట్టుకెళ్లండి. పెరుగన్నం మాత్రం వద్దు, మేం పెట్టాం, మేకప్‌తోనే అందరూ నిద్రపోయారు.