విదేశీ మారక నిల్వల పట్టికలో మూడో భాగాన్ని చదవడం ఎలా

పలాస-కాశీబుగ్గలో జీడిపిక్కల వ్యాపారం చేసే నా స్నేహితుడొకరు తన లెక్కల పుస్తకంలో చివరి పేజీని ఎవరికీ చూపించరు. ముందు పేజీల్లో బ్యాంకులో ఉన్న సొమ్ము, గోదాములో ఉన్న 80 కిలోల బస్తాల లెక్క, ఆఫ్రికా నుంచి తెప్పించిన పిక్కలకు ఏ తేదీన ఎంత కట్టాలన్న వివరం ఉంటాయి. చివరి పేజీలో మాత్రం బావమరిది అప్పుకు తాను పెట్టిన జామీను సంతకం, తోటి వ్యాపారికి అవసరం పడితే సర్దుతానని ఇచ్చిన మాట, తన పేరున మంజూరై ఇంకా వాడుకోని ఓడీ (ఖాతాలో ఉన్నదానికి మించి తీసుకునే వీలు) ఉంటాయి. ఆ పేజీలో ఉన్నవేవీ ఈ రోజు అప్పులు కావు, అయినా ఏదో ఒక రోజు అవన్నీ ఒక్కసారే తలుపు తట్టవచ్చు. దేశాల విదేశీ మారక నిల్వలకు కూడా అలాంటి చివరి పేజీ ఒకటుంది. దానిని చదివే పద్ధతిని ఈ ప్రాంతంలో పోటీ పరీక్షలకు, బ్యాంకు ఉద్యోగాలకు చదువుకుంటున్నవారి కోసం ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా సరైన పట్టికను ఎంచుకోవాలి. ప్రతి శుక్రవారం రిజర్వు బ్యాంకు ప్రకటించే మొత్తం, మరునాడు పత్రికల్లో వచ్చే మొత్తం, నిల్వల పరిమాణాన్ని మాత్రమే చెబుతుంది. మనకు కావలసినది అంతర్జాతీయ ద్రవ్యనిధి 1999లో రూపొందించిన నమూనా ప్రకారం నెలనెలా విడుదలయ్యే పట్టిక. దానిలో నాలుగు భాగాలుంటాయి. మొదటిది చేతిలో ఉన్న విదేశీ కరెన్సీ ఆస్తులు. రెండోది ఏడాదిలోపు తప్పనిసరిగా చెల్లించవలసినవి, రావలసినవి. మూడోది ఏదైనా జరిగితేనే మీద పడే ఆగంతుక బాధ్యతలు. నాలుగోది అనుబంధ సమాచారం. రెండో, మూడో భాగాల్లో గడువును ఒక నెలలోపు, ఒకటి నుంచి మూడు నెలలు, మూడు నెలల నుంచి ఏడాది అని విడగొట్టి చూపుతారు.

రెండో భాగాన్నీ మూడో భాగాన్నీ కలిపి చదవకూడదు. 1997లో థాయిలాండ్ కేంద్ర బ్యాంకు తన కరెన్సీని కాపాడుకోవడానికి ఫార్వర్డ్ ఒప్పందాల్లో, అంటే రేటు ఈ రోజే ఖాయం చేసుకుని సొమ్ము తరవాతి తేదీన ఇచ్చే ఒప్పందాల్లో, డాలర్లను ముందే అమ్మేసింది. ఆ ఏడాది ఆగస్టులో వెల్లడైన లెక్క ప్రకారం ఆ బాధ్యత 2340 కోట్ల డాలర్లు. ఇది ఆగంతుకం కాదు, తేదీ ఖాయమైన బాధ్యత కాబట్టి రెండో భాగానికి చెందుతుంది. ఎవరో ఒకరు తమ హక్కును వాడుకుంటేనో, ఎవరో ఒకరు అప్పు ఎగవేస్తేనో పుట్టుకొచ్చేవి మాత్రమే మూడో భాగంలోకి వస్తాయి.

ఇప్పుడు మూడో భాగంలోని వరుసలు చూద్దాం. మొదటి వరుసలో ఏడాదిలోపు గడువు తీరే అప్పులకు ప్రభుత్వమో కేంద్ర బ్యాంకో ఇచ్చిన హామీలుంటాయి. ఇది అచ్చంగా జామీను సంతకమే. గడువుకంటే ముందే సొమ్ము వెనక్కి అడిగే హక్కు కొన్నవారికి ఉన్న బాండ్లు రెండో వరుసలో ఉంటాయి. పదేళ్ల బాండు కదా అని నిశ్చింతగా ఉండడానికి లేదు, అడిగే హక్కు ఈ ఏడాదే ఉంటే అది ఈ ఏడాది బాధ్యతే.

మూడో వరుస అసలు మెలిక. షరతులు లేకుండా మంజూరై ఇంకా వాడుకోని రుణ సదుపాయాలు ఇందులో ఉంటాయి. మనకు ఇతరులు ఇచ్చినవి ఒకవైపు, ఇతరులకు మనం ఇచ్చినవి మరొకవైపు. ఇక్కడ 'షరతులు లేకుండా' అన్న మాటను గట్టిగా పట్టుకోవాలి. శ్రీలంక తన నిల్వల్లో చైనా కేంద్ర బ్యాంకుతో కుదిరిన కరెన్సీల మార్పిడి ఒప్పందం, అంటే స్వాప్‌ను కూడా కలిపి చూపింది. దానిని వాడుకోవడానికి మాత్రం మూడు నెలల దిగుమతులకు సరిపడా నిల్వలుండాలన్న షరతు ఉంది. నిల్వలు తరిగినప్పుడే అవసరమయ్యే సొమ్ముకు నిల్వలుంటేనే ఇస్తామన్న షరతు, వాన వస్తే పనికిరాని గొడుగు లాంటిది. 2022 మే నాటికి ఆ దేశం వాడుకోగల నిల్వలు 5 కోట్ల డాలర్లకన్నా తక్కువని అక్కడి ఆర్థిక మంత్రే ప్రకటించారు.

రుణం ఇచ్చే బ్యాంకు ప్రధాన కార్యాలయం ఎక్కడుందో కూడా ఈ వరుసలో వేరుగా చూపుతారు. సంక్షోభం వచ్చినప్పుడు దేశంతోపాటు దేశంలోని బ్యాంకులు కూడా డాలర్ల కోసం వెతుక్కుంటాయి కాబట్టి ఈ విభజన అవసరం. 1997లో దక్షిణ కొరియా కేంద్ర బ్యాంకు నిల్వల్లో కొంత భాగం కొరియా బ్యాంకుల విదేశీ శాఖల్లోనే డిపాజిట్లుగా ఉండిపోయింది. ఆ నవంబరు చివర లెక్కలో 2400 కోట్ల డాలర్లకు పైగా కనిపించినా, నిజంగా వాడుకోగలిగినది సుమారు 730 కోట్లే.

నాలుగో వరుసలో విదేశీ కరెన్సీ ఆప్షన్లు ఉంటాయి. కేంద్ర బ్యాంకు డాలర్ కాల్ ఆప్షన్లను, అంటే ముందే ఖాయమైన రేటుకు డాలర్లు కొనే హక్కును, అమ్మి ఉంటే, స్వదేశీ కరెన్సీ పడిపోయినప్పుడు కొన్నవారు తమ హక్కును వాడుకుని డాలర్లు పట్టుకుపోతారు. పుట్ ఆప్షన్లను, అంటే ఖాయమైన రేటుకు డాలర్లు తనకు అమ్మే హక్కును, అమ్మితే దీనికి తారుమారు. మెక్సికో కేంద్ర బ్యాంకు 1996 నుంచి 2001 వరకు అలా పుట్‌లు అమ్మి నిల్వలు పెంచుకుంది. కరెన్సీ 5 శాతం, 10 శాతం పడితే లేదా పెరిగితే ఆప్షన్ల పరిస్థితి ఎలా ఉంటుందో కూడా ఈ వరుస కింద చూపవచ్చు. ఈ అంకెలున్న చోట వాటిని వదిలిపెట్టకండి.

ఒక ఊహా దేశంతో లెక్క చేద్దాం. నిల్వలు 5000 కోట్ల డాలర్లు, నెల దిగుమతులు 400 కోట్లు. పైకి చూస్తే పన్నెండున్నర నెలలకు సరిపోతాయి. సొంత బ్యాంకుల్లోని డిపాజిట్లు 400 కోట్లు తీసేయండి. రెండో భాగంలోని నికర చెల్లింపులు 1800 కోట్లు తీసేయండి. మిగిలేది 2800. హామీలు 600, అమ్మిన కాల్ ఆప్షన్లు 900 తీసేస్తే 1300. ఆ దేశానికి 800 కోట్ల రుణ సదుపాయం ఉంది, అందులో 500 సొంత దేశపు బ్యాంకులు ఇచ్చినవి. బయటి నుంచి వచ్చే 300 మాత్రమే కలపండి, 1600 అవుతుంది. అంటే నాలుగు నెలల దిగుమతులు. అయితే కరెన్సీ 10 శాతం పడినా అమలయ్యే కాల్ ఆప్షన్లు 500 కోట్లేనని పట్టిక చెబితే 2000, అంటే ఐదు నెలలు. నేనైతే ఈ రెండు అంకెలనూ పక్కపక్కనే రాసుకుంటాను. ఆగంతుక బాధ్యతలన్నిటినీ గుడ్డిగా తీసేయడం కూడా, అసలు తీసేయకపోవడమంత తప్పే.

ఈ పట్టిక ప్రభుత్వం, కేంద్ర బ్యాంకు బాధ్యతలనే చూపుతుందని మరవకూడదు. కవిటి, సోంపేట నుంచి గల్ఫ్‌కు వెళ్లినవారు మన బ్యాంకుల్లో డాలర్లలో వేసుకున్న ఎఫ్‌సీఎన్‌ఆర్ డిపాజిట్లు ఇందులో కనిపించవు. 1990-91లో ప్రవాసుల డిపాజిట్లు వెనక్కి పోవడం మన చెల్లింపుల సంక్షోభాన్ని పెంచింది. అప్పటి ఎఫ్‌సీఎన్‌ఆర్-ఏ పథకంలో మారకపు రేటు నష్టభారం రిజర్వు బ్యాంకుదే కావడంతో, 1991 జూలైలో రూపాయి విలువ తగ్గించినప్పుడు ఆ భారం దాని మీదే పడింది. అది కూడా ఒక జామీను సంతకమే. తరవాత వచ్చిన ఎఫ్‌సీఎన్‌ఆర్-బీ పథకంలో ఆ నష్టభారాన్ని బ్యాంకులకు అప్పగించారు. అందువల్ల ప్రైవేటు రంగపు బాధ్యతల కోసం విదేశీ రుణాల నివేదిక తెరిచి, ఏడాదిలోపు చెల్లించవలసిన మొత్తాన్ని మిగులు గడువు (ఈ రోజు నుంచి చెల్లింపు తేదీ వరకు మిగిలిన కాలం) ప్రకారం చూసి, పై లెక్క పక్కన రాసుకోవాలి. అసలు గడువు (అప్పు తీసుకున్నప్పుడు పెట్టుకున్న కాలం) ప్రకారం చూపిన అంకె తీసుకుంటే, ఈ ఏడాది గడువు తీరే పాత దీర్ఘకాలిక అప్పులు లెక్కలోకి రావు.