యార్క్ నగరంలో క్రిస్మస్ దీపాలు, సంత: ఒక్క రోజులో తీరిగ్గా చూడటం ఎలా?

ఉత్తర ఇంగ్లండ్‌లోని యార్క్ నగరానికి క్రిస్మస్‌తో ఉన్న అనుబంధం ఈనాటి విద్యుద్దీపాలకన్నా చాలా పాతది. క్రైస్తవాన్ని ఆదరించిన తొలి రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్‌ను సైనికులు 306లో చక్రవర్తిగా ప్రకటించింది ఈ ఊళ్ళోనే. ఆసనం మీద కూర్చున్న ఆయన కంచు విగ్రహాన్ని మిన్‌స్టర్ అని పిలిచే ప్రధాన చర్చి పక్కన ఇప్పటికీ చూడవచ్చు. కోటగోడల మధ్య ఒదిగిన చిన్న నగరం కాబట్టి అన్నీ నడిచే చూడవచ్చు గానీ, డిసెంబరులో ఇక్కడ మధ్యాహ్నం 3:40 ప్రాంతంలోనే సూర్యుడు అస్తమిస్తాడన్న సంగతిని మాత్రం మరవకూడదు. వెలుతురు ఉండగా చూడవలసినవి కొన్ని, చీకటి పడ్డాకే చూడవలసినవి కొన్ని ఉన్నాయి. ఈ వరుస తప్పితే రెండు రకాలవీ సగం సగమే దక్కుతాయి.

1. రోజును ఎంచుకోండి

క్రిస్మస్ సంత నవంబరు మధ్యలో మొదలై, పండుగకు రెండు మూడు రోజుల ముందే ముగుస్తుంది. పండుగ నాడే వెళితే బాగుంటుందని మనకు అనిపించడం సహజమే గానీ, డిసెంబరు 25న ఇంగ్లండ్‌లో రైళ్ళు నడవవు, దుకాణాలు దాదాపు అన్నీ మూసి ఉంటాయి. 26న కూడా రైళ్ళు అరకొరగానే ఉంటాయి. డిసెంబరు శనివారాల్లో సంత వీధుల్లో అడుగు తీసి అడుగు వేయడం కష్టమవుతుంది. సోమవారం నుంచి బుధవారం లోపు, వీలైతే నవంబరు చివరి వారంలో వెళ్ళడం ఉత్తమమని నా గట్టి అభిప్రాయం. సంత తేదీలు, వేళలు ఏటా కొద్దిగా మారుతుంటాయి కనుక, ఆ ఏటి ప్రకటన చూసిన తర్వాతే టికెట్లు కొనండి.

2. ప్రయాణం

లండన్‌లోని కింగ్స్ క్రాస్ స్టేషన్ నుంచి రైలులో దాదాపు 2 గంటలు పడుతుంది. మన విద్యార్థులు ఎందరో ఉండే లీడ్స్ నుంచి అరగంట లోపే చేరుకోవచ్చు. దూరప్రయాణమైతే టికెట్ ఎంత ముందుగా తీసుకుంటే అంత చవక. కారులో వచ్చేవారు నగరం లోపలికి పోకుండా, శివార్లలోని పార్క్ అండ్ రైడ్ స్థలాల్లో బండి ఆపి బస్సెక్కడం మేలు. 1877లో ప్రారంభమైన యార్క్ స్టేషన్‌లో దిగగానే ఒక్క నిమిషం ఆగి, పట్టాల వంపుతో పాటే వంపు తిరిగిన ఇనుప పైకప్పును చూడండి. అక్కడి నుంచి లెండల్ వంతెన మీదుగా నడిస్తే పావుగంటలో నగరం నడిబొడ్డుకు చేరతారు.

చలి సున్నాకు దగ్గరగా దిగే రోజులుంటాయి, వాన ఏ క్షణానైనా పడవచ్చు. వీధుల్లో చాలాచోట్ల రాళ్ళు పరిచి ఉంటాయి, తడిస్తే జారతాయి. కాబట్టి పట్టున్న బూట్లు, టోపీ, చేతి తొడుగులు తప్పనిసరి.

3. ఉదయం సంతలో గడపండి

పార్లమెంట్ స్ట్రీట్‌లోనూ, దాని చివరనున్న సెయింట్ శాంప్సన్స్ స్క్వేర్‌లోనూ చెక్క కొట్లు వరుసగా వెలుస్తాయి. ప్రవేశ రుసుము లేదు. సంతను దీపాల వెలుగులోనే చూడాలని చాలామంది సాయంత్రం దాకా ఆగుతారు. కానీ కొనడానికి ఉదయమే మంచిది. కొట్లు తెరిచిన కొత్తలో అమ్మేవారికీ తీరిక ఉంటుంది, వస్తువు ఎవరు చేశారో, దేనితో చేశారో ఓపికగా చెబుతారు. చెట్టుకు వేలాడదీసే చెక్క బొమ్మలు, కొవ్వొత్తులు, ఉన్ని వస్తువులు, యార్క్‌షర్ లోయల్లో పుట్టిన వెన్స్‌లీడేల్ చీజ్ వంటివి చూడదగ్గవి. రోజంతా మోయాలి కాబట్టి చిన్నవే కొనండి.

తిండి విషయంలో మన వాళ్ళు కొంచెం జాగ్రత్తగా ఉండాలి. మిన్స్ పై అనే, మన కజ్జికాయలా లోపల ముద్ద పెట్టి చేసే చిన్న వంటకంలో ఈ రోజుల్లో మాంసం ఉండదు. ఎండుద్రాక్ష, నారింజ తొక్క, మసాలా దినుసులు కలిపిన తీపి ముద్ద ఉంటుంది. అయితే ఆ ముద్దలో సూయెట్ అనే కొవ్వు వేస్తారు. సంప్రదాయంగా అది గొడ్డు కొవ్వు; శాకాహార సూయెట్‌తో చేసినవీ దొరుకుతాయి. క్రిస్మస్ పుడ్డింగ్‌కూ ఇదే వర్తిస్తుంది. శాకాహారులూ, గొడ్డు మాంసం ముట్టనివారూ అడిగి తెలుసుకున్నాకే కొనాలి, అలా అడిగితే ఎవరూ తప్పు పట్టరు. దాల్చినచెక్క, లవంగాలు వేసి కాచిన వేడి వైన్ వద్దనుకుంటే, మద్యం లేని వేడి ఆపిల్ రసమో హాట్ చాక్లెటో అడగండి. చాక్లెట్ ఈ ఊరికి పరాయిది కాదు: కిట్‌క్యాట్‌ను 1930లలో రౌన్‌ట్రీ సంస్థ, క్రిస్మస్ కానుకగా ఇంగ్లండంతా ఇచ్చిపుచ్చుకునే చాక్లెట్ ఆరెంజ్‌ను 1932లో టెర్రీస్ సంస్థ తయారుచేసింది ఇక్కడే.

4. వెలుతురు ఉండగానే మిన్‌స్టర్, కోటగోడ

ఈ పనిని సాయంత్రానికి వాయిదా వేయకండి. మిన్‌స్టర్ ప్రసిద్ధికి దాని రంగు గాజు కిటికీలు పెద్ద కారణం. 1405 నుంచి 1408 వరకు జాన్ తార్న్‌టన్ బృందం తయారుచేసిన తూర్పు మహా కిటికీలో సృష్టి ఆరంభం నుంచి లోకాంతం వరకు కథ గాజు పలకల్లో కనిపిస్తుంది. బయటి నుంచి వెలుగు పడితేనే ఆ రంగులు మేలుకుంటాయి. పొద్దుగూకాక లోపల నిలబడితే కనిపించేవి నల్లని పలకలే. కనుక మధ్యాహ్నం 12 గంటలకల్లా టికెట్ తీసుకుని లోపలికి వెళ్ళండి. మధ్యయుగాల నుంచీ ఇక్కడ క్రిస్మస్‌కు మిసిల్‌టో కొమ్మను ప్రధాన బలిపీఠం మీద ఉంచే ఆచారం ఉందని చెబుతారు. మన మామిడిచెట్ల మీద పెరిగే బదనిక వంటి పరాన్నజీవి మొక్క అది. చర్చిలలో దానికి చోటివ్వడం అరుదు కాబట్టి ఈ ఆచారం నాకెంతో ఆసక్తికరంగా తోస్తుంది.

మధ్యాహ్నం 2:30కి మంక్ బార్ అనే పాత కోటద్వారం దగ్గర మెట్లెక్కి, గోడ మీదుగా బూథమ్ బార్ వరకు నడవండి. సుమారు 20 నిమిషాల నడక. మిన్‌స్టర్ పూర్తి ఆకారం ఇంత బాగా కనిపించే చోటు మరొకటి లేదు. చీకటి పడేసరికి గోడను మూసేస్తారు, మంచు పేరుకుంటే అసలు తెరవరు. అలాంటి రోజున కాసిల్ మ్యూజియానికి వెళ్ళండి. అక్కడ విక్టోరియా రాణి కాలపు వీధిని దుకాణాలతో సహా భవనం లోపలే పునర్నిర్మించారు.

5. దీపాలు వెలిగే వేళ

బూథమ్ బార్ దగ్గర దిగి హై పీటర్‌గేట్, అక్కడి నుంచి స్టోన్‌గేట్ వీధిలోకి రండి. ఆకాశం ఇంకా ముదురు నీలంగా ఉన్న ఆ అరగంటే ఫొటోలకు అనువైన సమయం. ఇక్కడ దుకాణాల అద్దాలకన్నా పైకి చూస్తూ నడవండి. వీధికి అడ్డంగా దీపాల తోరణాలతో పాటు ఒక పాత మద్యశాల పేరు రాసిన దూలం కనిపిస్తుంది, 33వ నంబరు ఇంటి మూలన ఎర్రటి చిన్న దయ్యం బొమ్మ కూర్చుని ఉంటుంది. అది ఒకప్పటి ముద్రాపకుల గుర్తు.

ఆ తర్వాత ఈవెన్‌సాంగ్ అనే సాయంకాల ప్రార్థనకు మళ్ళీ మిన్‌స్టర్‌కు వెళ్ళండి. సాధారణంగా ఆదివారం తప్ప మిగతా రోజుల్లో 5:30కి మొదలవుతుంది, ఆనాటి వేళను ముందుగా సరిచూసుకోండి. దీనికి టికెట్ లేదు, ఏ మతం వారైనా రావచ్చు. ఫోన్ ఆపేసి, అందరితో పాటు లేస్తూ కూర్చుంటూ ఉంటే చాలు. పండుగ కోసం ప్రత్యేకంగా జరిపే క్యారల్స్ అనే క్రిస్మస్ పాటల సభలు వేరు. వాటిలో కొన్నిటికి ముందే టికెట్లు తీసుకోవాలి.

6. చివరగా షాంబిల్స్

ఒకప్పుడు మాంసం కొట్లకు పేరుపడ్డ ఈ సన్నని వీధిలో పగలు ఊపిరాడదు. దుకాణాలు కట్టేశాక వెళితే, రెండు వైపుల చెక్క ఇళ్ళ పై అంతస్తులు ఒకదానివైపు ఒకటి ఒరిగిన తీరూ, మాంసం వేలాడదీసిన ఇనుప కొక్కేలూ, దాన్ని పరిచిన వెడల్పాటి కిటికీ అరుగులూ నిదానంగా చూడవచ్చు.

స్టేషన్‌కు తిరిగి వెళ్ళేటప్పుడు ఊజ్ నది ఒడ్డు దారి పట్టకండి. చలికాలంలో ఆ నది తరచూ పొంగి ఒడ్డు మీది బాటలను ముంచుతుంది. వచ్చిన లెండల్ వంతెన మీదుగానే వెళ్ళండి. శనివారం తప్పక రావలసి వస్తే, సంత మూసే వేళకు రైళ్ళు కిక్కిరిసి ఉంటాయి కనుక గంటా గంటన్నర తర్వాతి రైలులో సీటు ముందే రిజర్వ్ చేసుకోండి.