సహాయ ప్రణాళికను ఆ వ్యక్తితోనే మొదలుపెట్టి రాయడం ఎలా

మేధోవైకల్యం ఉన్న యువకుణ్ణి డే కేర్ సెంటరులో చేర్చే రోజున నింపే ఫారంలో ఐక్యూ, వైకల్య శాతం, వాడే మందులు, తల్లిదండ్రుల ఫోన్ నంబరు అన్నీ ఉంటాయి గానీ, అతనికి ఏది ఇష్టమో రాయడానికి గడి చాలాచోట్ల కనిపించదు. ఆ వ్యక్తి కేంద్రంగా సహాయ ప్రణాళిక, అంటే అతనికి ఎవరు, ఎప్పుడు, ఏ సాయం చేయాలో చెప్పే కాగితం, రాయాలనుకునేవారు ముందు ఆ గడి గీయాలి.

దాన్ని నింపడానికి కనీసం రెండు వారాలు పడుతుంది. ఇంట్లోనూ సెంటరులోనూ అతను ఎవరి పక్కన కూర్చుంటున్నాడో, ఏ వేళకు విసుగు పడుతున్నాడో, వద్దని చెప్పడానికి ఏం చేస్తున్నాడో తేదీ వేసి రాసుకోవాలి. మాట రానివారి విషయంలో ఈ రాతే అసలు ఆధారం. ఉదాహరణకు, “గ్లాసు పక్కకు తోస్తాడు, పాలు వేడిగా ఉన్నాయని అర్థం, చల్లార్చి ఇవ్వాలి” అని రాస్తే కొత్తగా వచ్చిన సహాయకురాలికి కూడా పనికొస్తుంది. “మొండి చేస్తాడు” అని రాస్తే ఎవరికీ పనికిరాదు.

నేను పనిచేసిన ఒక సెంటరులో ఇరవై మూడేళ్ల యువకుడు మూడేళ్లపాటు కొవ్వొత్తులు చేసే బల్ల దగ్గరే కూర్చున్నాడు. అతని ఫైలులో “సహకరించడు” అని ఉండేది. రోజూ పాల వ్యాను రాగానే గేటు దగ్గరికి పరుగెత్తి, ట్రేలు దించి, ఖాళీ ట్రేలను అంచుకు అంచు కలిసేలా పేర్చి వచ్చేవాడు. దాన్ని మేము అల్లరి కిందే రాశాం. ప్రణాళిక మళ్లీ రాసినప్పుడు వీధి చివరి పాల బూతులో రోజుకు గంటన్నర పని అందులో చేరింది. మూడేళ్ల కాలం అతనికి తిరిగి రాలేదు, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

తరువాత సమావేశం. ఆ వ్యక్తి లేకుండా అది జరగకూడదు, ఎవరిని పిలవాలో కూడా ఫొటోలు చూపించి ఆ వ్యక్తినే అడగాలి. అమ్మానాన్నలతో పాటు మేనమామ, రోజూ తీసుకొచ్చే ఆటో అతను రావచ్చు. బొమ్మలతో చార్టు గీస్తూ మాట్లాడాలి, గంటకు మించకూడదు, మధ్యలో ఆ వ్యక్తి లేచి వెళ్లిపోతే అక్కడికి ఆపాలి.

చార్టు మీద రెండు గడులు గీయాలి: తనకు ఇష్టమైనవి, తన క్షేమానికి కావలసినవి. సాయంత్రం గుడికి ఒక్కడే వెళ్లాలన్నది మొదటి గడిలోనూ, ఫిట్స్ వస్తాయన్న భయం రెండో గడిలోనూ ఉంటే, సాధారణంగా రెండోది మొదటిదాన్ని కొట్టేస్తుంది. అలా కాకుండా, మందు వేళకు వేసుకోవడం, జేబులో ఫోన్ నంబరున్న కార్డు పెట్టుకోవడం, ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టాలని, నోట్లో ఏమీ పెట్టకూడదని దారిలోని పూల కొట్టు ఆమెకు నేర్పడం, ఇవన్నీ రాసుకుంటే గుడి ప్రయాణం సాగుతుంది.

చట్టప్రకారం సంరక్షకులుగా కుటుంబానికి సర్టిఫికెట్ ఉంది కదా, ఇక అడగడమెందుకని కొందరు అంటారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 14వ సెక్షన్‌లోని పరిమిత సంరక్షకత్వం అంటే పరస్పర నమ్మకంతో ఇద్దరూ కలిసి నిర్ణయం తీసుకోవడమే. అది కూడా నిర్దిష్టమైన నిర్ణయానికి, నిర్దిష్టమైన కాలానికి, ఆ వ్యక్తి ఇష్టానికి అనుగుణంగానే ఉండాలి. వికలాంగులు ఫలానా చోటనే నివసించి తీరాలన్న నిర్బంధం లేకుండా ప్రభుత్వం చూడడానికి ప్రయత్నించాలని అదే చట్టం 5వ సెక్షన్ చెబుతుంది కాబట్టి, హాస్టలులో చేర్చే ఆలోచన ఉంటే ముందు ఆ చోటు చూపించి, ఒక రాత్రి ఉండనిచ్చి, ఆ తర్వాత అడగాలి.

ప్రతి పనికీ ఎదురుగా చేసేవారి పేరు, రోజు, ఖర్చు రాయాలి. “బయటికి తీసుకెళ్లాలి” అని రాస్తే ఆ పని జరగదు. “రెండో శనివారం నాన్న సంతకు తీసుకెళ్తారు” అని రాస్తే జరుగుతుంది. మూడు నెలలకొకసారి అందరూ మళ్లీ కూర్చుని, నచ్చనివాటిని ఆ వ్యక్తి చేతే కొట్టేయించాలి. బొమ్మలతో ఉన్న ఒక ప్రతి ఫైలులో కాకుండా ఆ వ్యక్తి సంచిలో ఉండాలి.