మృగశిర రాకముందే రాతి మండపానికి చేయాల్సినవి

ఏటా ఎండాకాలంలో ఒడిశాలోని పర్లాకిమిడి చుట్టుపక్కల మన ఊళ్లలో ఒకే మాట వినిపిస్తుంది: "వానలు పడకముందే గుడి మండపానికి సిమెంటు చేయించి రంగు కొట్టించేద్దాం." దయచేసి వద్దు. మృగశిర కార్తెకి ఇంకా కొన్ని వారాలే ఉన్నాయి. ఈలోగా నీరు రాయిలోకి దిగకుండా చూడండి. దిగిన తడి బయటికి పోయే దారి మాత్రం మూయకండి.

మన వైపు పాత గుళ్లలో తరచుగా కనిపించే రాయి ఖొండలైట్. ఈ కొండల్లో ఉండే ఖోండు గిరిజనుల పేరే దానికి పెట్టారు. కోణార్క గుడికి ఎక్కువగా వాడిందీ ఇదే. ఇందులోని ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం ఏళ్ల తరబడి తడి తగిలితే తెల్లటి మెత్తటి మట్టిగా మారిపోతుంది. గార్నెట్ అనే ఎర్రటి ఖనిజంలోని ఇనుము తుప్పు రంగు మరకలుగా తేలుతుంది. అందుకే బయటికి గట్టిగా కనబడే స్తంభం లోపల గుల్లబారి ఉండొచ్చు. వేలి కణుపుతో మెల్లగా తట్టి చూడండి. డొల్ల శబ్దం వస్తే అక్కడ పెచ్చు లేచిందన్నమాట. ఆ చోటును సుద్దతో గుర్తు పెట్టి వదిలేయండి. తీగ బ్రష్షుతో గీకడం, యాసిడ్‌తో కడగడం, ఇసుక ఊది శుభ్రం చేయడం ఈ రాతికి ప్రాణాంతకం. చెక్కిన శిల్పం పైపొర ఒకసారి పోతే తిరిగి రాదు.

ముందు కప్పు ఎక్కి చూడాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మా మండపం తూములు రావి ఆకులతో మూసుకుపోయాయి. పైన చెరువులా నిలిచిన నీరు గచ్చు పగుళ్లలోంచి రాతి దూలం మీదికి దిగింది. తూములు శుభ్రంగా ఉండి ఉంటే ఆ నష్టం జరిగేది కాదు. అర పూట పని అది! చుట్టూ నేల కూడా గోడ నుంచి బయటికి వాలుగా ఉండాలి. పునాది పక్కన నీరు నిలిస్తే తడి కింది నుంచి పైకి పాకుతుంది.

సందుల్లో మొలిచిన రావి, మర్రి మొక్కల్ని లాగొద్దు. వేరుతో పాటు రాయీ కదులుతుంది. మొదలు కోసేసి, వేరు చంపే మందు సంగతి తెలిసినవాళ్లను అడగండి.

ఇక సిమెంటు సంగతి. కొన్నేళ్ల కిందట మా ఊరి మండపం అతుకులన్నీ సిమెంటుతో పూడ్పించాం. మంచి చేస్తున్నామనే అనుకున్నాం. రెండు వానాకాలాలు తిరిగేసరికి సిమెంటు చెక్కుచెదరలేదు గానీ, దాని పక్కనున్న రాయి పొరలు పొరలుగా రాలిపోయింది. సిమెంటు రాయికంటే గట్టిది, తడిని బయటికి పోనివ్వదు. దానిలోని ఉప్పు నీటితో రాయిలోకి చేరి, ఆరేటప్పుడు గడ్డకట్టి పొరను తోసేస్తుంది. ఆయిల్ పెయింటు కూడా తడిని లోపలే బంధిస్తుంది. అతుకులకు కావాల్సింది గానుగ సున్నం. సున్నాన్ని కొన్ని వారాలు నీళ్లలో నానబెట్టి, ఇసుకతో కలిపి గానుగలో నూరి, కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు కలిపి వాడే పద్ధతి మన పెద్ద మేస్త్రీలకు కొత్త కాదు. ఆ చేతులు ఇంకా మిగిలి ఉండగానే కుర్రాళ్లు దగ్గర కూర్చుని నేర్చుకోవాలని నా కోరిక.

అయితే సున్నానికి తొందర పనికిరాదు. ముదురు ఎండలో వేస్తే గట్టిపడకముందే ఎండి పగులుతుంది, కాబట్టి తడి గోనె సంచులు కప్పి నీడలో ఉంచాలి. గట్టిపడకముందే జోరువాన పడితే కొట్టుకుపోతుంది. వానలకు నెల రోజులైనా లేకపోతే కొత్త అతుకు పని మొదలుపెట్టకండి, కార్తీకం దాకా ఆగండి. ఈ ఏటికి పైన టార్పాలిన్ చాలు. దాన్ని రాయికి అంటించకుండా వెదురు బద్దల మీద ఎత్తుగా కట్టాలి, గాలి ఆడాలి.

దూలం చీలి ఉంటే కింద సరుగుడు కర్రలతో ఊత పెట్టండి. కర్రకూ రాతికీ మధ్య చెక్క పలక ఉండాలి, పోటు ఒకే చోట పడకూడదు. ఊత పెట్టడానికి నామోషీ పడక్కర్లేదు. కోణార్క జగమోహనాన్ని, అంటే గర్భగుడి ముందున్న మండపాన్ని, నిలబెట్టడానికే 1903లో లోపలంతా ఇసుక నింపాల్సి వచ్చింది. చీలిక పెరుగుతోందో లేదో తెలియాలంటే దానికి అడ్డంగా సన్నటి గాజు ముక్కను రెండు చుక్కల సున్నంతో అతికించి తేదీ రాసుకోండి. గాజు పగిలితే ఎవర్నీ కిందకి వెళ్లనివ్వకండి.

పని చేసేవాళ్ల జాగ్రత్త మరవకండి. పరంజా స్తంభానికి కాదు, నేలకి ఆనాలి. కప్పు ఎక్కేముందు తేనెపట్టు, పాములు చూసుకోండి. రాతి ధూళిలో ఉండే సిలికా ఊపిరితిత్తుల్ని తినేస్తుంది, తడి గుడ్డ చాలదు, మంచి మాస్కు కావాలి.

గుడి కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంటే అనుమతి లేకుండా రాయి ముట్టకూడదు. 2010లో సవరించిన చట్టం ప్రకారం చుట్టూ 100 మీటర్లలో కొత్త కట్టడం నిషేధం, ఆపైన మరో 200 మీటర్ల దాకా అనుమతి తప్పనిసరి. అర్జీ ఒడియాలో రాయాల్సి వస్తే చదువుకున్న పిల్లల సాయం అడగండి, ఫోటోలు జత చేయండి.

మొదటి పెద్ద వాన రాత్రి టార్చి పట్టుకుని ఒకసారి మండపానికి వెళ్లండి. బయటి అంచున నిలబడే చూసి, ఎక్కడ చుక్క పడుతోందో, ఏ స్తంభం తడిసిందో కాగితం మీద గీసుకోండి. కార్తీకంలో సున్నం పని మొదలుపెట్టాల్సింది ఆ చోట్ల నుంచే.